పక్క సీటు బ్రేకు

నా కుడికాలు నా మాట వినదు. బస్సెక్కితే డ్రైవరుకంటే ముందే బ్రేకు నొక్కుతుంది. సినిమాహాల్లో తెర మీద కారు మలుపు తిరిగితే ముందు సీటువాడి నడుం మీద నొక్కుతుంది. ఒకసారి అది దెబ్బలాట దాకా వెళ్లింది. భోజనాల బల్ల దగ్గర మా ఆవిడ గిన్నె అంచుదాకా నింపి తెస్తుంటే బల్ల కింద నేలను నొక్కుతుంది. ఇందులో కాలి తప్పేమీ లేదు. నేను డ్రైవింగు నేర్పే మాస్టారిని. నా బతుకంతా పక్క సీట్లోనే గడిచింది. స్టీరింగు నేర్చుకునేవాళ్ల చేతిలో, రెండో బ్రేకు నా కాలికింద. ఎవడెప్పుడు గోడమీదికి బయల్దేరతాడో తెలియదు కాబట్టి ఆ కాలు ఎప్పుడూ కాస్త గాల్లోనే ఉంటుంది. ఊళ్లో అందరూ నన్ను బ్రేకు మాస్టారంటారు. అసలు పేరు మా ఆవిడకైనా గుర్తుందో లేదో అడిగే సాహసం చేయలేదు.

ఈ ఊళ్లో సగం మంది నా దగ్గర నేర్చుకున్నవాళ్లే. తక్కిన సగం మంది, వాళ్లని రోడ్డు మీద చూసి నేర్చుకునే ఆలోచన మానుకున్నారు.

నేను పనిచేసిన స్కూలు యజమానికి ఒకరోజు విరక్తి పుట్టింది. కార్లన్నీ అమ్మేసి, గదిని మందుల దుకాణానికి అద్దెకిచ్చి, నాకో గోడగడియారం బహుమతిగా ఇచ్చాడు. "మీకేం మాస్టారూ, సొంతంగా పెట్టుకోండి. మీ పేరు చాలు" అన్నాడు. పేరు పెట్రోలుతో నడిచేదైతే చాలేది. నేను గడియారంతో పాటు స్కూలు కారులోంచి ఊడదీసిన రెండో బ్రేకు కూడా అడిగి తెచ్చుకున్నాను. దాని రబ్బరు నా జోడు ఆకారానికే అరిగిపోయి ఉంది.

బ్రేకు ఉంది, దాన్ని బిగించడానికి కారు లేదు. ఇంట్లో ఒక పాత కారు ఉండేది గాని, అంత పాత బండి మీద పాఠాలు చెప్పడానికి అనుమతి లేదు. టెస్టు దగ్గరపడ్డ విద్యార్థులు నలుగురు రోజూ ఫోన్ చేస్తున్నారు. నా వయసు మనిషిని కొత్తగా పనిలోకి తీసుకునే స్కూలు ఇంకొకటి లేదు. కొత్త కారు కొంటే నేను మాస్టారిని. కొనకపోతే గోడగడియారం కింద కూర్చుని అడిగినవాళ్లకి టైము చెప్పే మనిషిని. నిజం చెప్పాలంటే భయం వేసింది. ఆ పని తప్ప నాకింకేదీ చేతకాదు.

పాత కారు గురించి ఒక మాట చెప్పాలి. మా ఆవిడ దాన్ని "మీ పెద్దావిడ" అనేది. తాళం తిప్పితే కదిలే రకం కాదు. ముందు హ్యాండ్‌బ్రేకు సగం దించాలి. తాళం సగం తిప్పి, లోపలెక్కడో పిల్లి మూలిగినట్టు ఒక చప్పుడు వచ్చి ఆగేదాకా ఓపిక పట్టాలి. అప్పుడు డాష్‌బోర్డు మీద ఎడమచేత్తో ఒక్కటిచ్చి, మిగతా సగం తిప్పాలి. కొట్టడం ఎక్కువైనా అలుగుతుంది, తక్కువైనా అలుగుతుంది. మెకానిక్కు పని చేసే మా బావమరిది కూడా ఆ బండిని ఏనాడూ స్టార్టు చేయలేకపోయాడు.

మా ఆవిడ ఆస్పత్రిలో బట్టలుతికే విభాగంలో సూపర్‌వైజరు. ఆ రోజు డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో ఆగి చెప్పింది.

"షోరూముకి వెళ్లి చూసి రండి. రేట్లు కనుక్కుని రండి. నేను లేకుండా ఎక్కడా సంతకం పెట్టకండి."

"సంతకం పెట్టి రావడానికి నేనేమన్నా వెర్రివెంగళప్పనా?" అన్నాను.

ఆ ప్రశ్నకి జవాబు సాయంత్రానికల్లా దొరికింది.

షోరూము తలుపు తోయగానే "మాస్టారూ" అంటూ ఒక కోటు ఎదురొచ్చింది. కోటులో ఉన్నది నా పాత విద్యార్థి. నాకు పేర్లు గుర్తుండవు, కాళ్లు గుర్తుంటాయి. ఇతని ఎడమ మోకాలు క్లచ్చు వదిలే ముందు జల్లెడలా ఊగేది. అది ఊగిందంటే బండి ఆగిపోతుందని నాకు ముందే తెలిసేది. మనసులో నేనతనికి మోకాలు అని పేరు పెట్టుకున్నాను. ఇప్పుడక్కడ సేల్సుమన్.

"ఈయన లేకపోతే నాకు లైసెన్సే లేదు" అని మోకాలు షోరూములో అందరికీ పరిచయం చేశాడు. టీ ఇచ్చిన ఆమెకి కూడా. నన్ను మునగచెట్టు ఎక్కించడానికి నిచ్చెన అక్కర్లేదు, చెట్టు చూపిస్తే చాలు, నేనే ఎక్కుతాను. కొమ్మ చివరికంటా వెళ్లి కూర్చున్నాక నన్ను ఫైనాన్సు గదిలోకి తీసుకెళ్లారు.

చల్లటి గది. అద్దపు బల్ల. కూర్చుంటే మళ్లీ లేవబుద్ధి కాని కుర్చీ. బల్లకి అవతల ఫైనాన్సు మేనేజరు, ఎంతో నెమ్మదైన గొంతు. దరఖాస్తులో వృత్తి దగ్గర ఏం రాయాలో నేను తటపటాయిస్తుంటే మోకాలు అందుకున్నాడు.

"మాస్టారని ఎందుకు సార్, డ్రైవింగు స్కూలు యజమాని అని రాద్దాం."

ఆ మాట వినగానే నా వెన్నెముక నిటారుగా అయింది. యజమాని అనే రాశారు.

"బ్యాంకు వాళ్ల అనుమతి రావాలి గాని, అది వచ్చినట్టే. మీలాంటి వాళ్లకి రాకపోవడమంటూ ఉండదు" అన్నాడు మేనేజరు. "ఇవాళే బండి తీసుకెళ్లిపోండి. మీ పాత కారు ఇక్కడ వదిలేయండి, దాని ధర ఇందులో తగ్గించేశాం."

నెలాఖరు రోజు కాబట్టి వాళ్లకి తొందరగా ఉందన్న సంగతి నాకు తట్టలేదు. వాళ్లు వేలు పెట్టిన చోటల్లా సంతకం పెట్టాను. మొదటి రోజు మొదటి పాఠంలోనే నేను ప్రతి విద్యార్థికీ చెప్పేదొకటుంది. మూడు అద్దాలూ చూడందే బండి కదపకూడదు. ఆ గదిలో నేను ఒక్క అద్దమూ చూడలేదు. అంతకంటే వింత, బస్సులో, సినిమాహాల్లో, కంచం ముందు కూడా ఊరుకోని నా కుడికాలు ఆ గదిలో మాత్రం బుద్ధిగా, నిద్రపోతున్న పసిపిల్లలా పడుకుంది.

బయటికొచ్చాక పెద్దావిడని స్టార్టు చేసే పద్ధతి మోకాలికి చెప్పబోయాను. "అవన్నీ మా వాళ్లు చూసుకుంటారు మాస్టారూ" అన్నాడు. ఇన్నేళ్లు కాపురం చేసిన బండిని అంత తేలిగ్గా తీసేసినందుకు మనసు చివుక్కుమంది. కానీ కొత్త తాళాలు చేతిలో ఉన్నవాడికి ఆ నొప్పి ఎంతసేపుంటుంది?

ఇంటికి రాగానే మా ఆవిడ బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. "బాగుంది. లోను పాసైందా?"

"పాసైనట్టే."

ఆవిడ లోపలికెళ్లి బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. ఆస్పత్రిలో రోజంతా చేసే పనిని ఇంటికొచ్చి మళ్లీ చేస్తోందంటే అర్థం నాకు తెలుసు. తెలియనట్టు తిరిగాను.

మర్నాడు పొద్దున్నే బావమరిదిని పిలిచి రెండో బ్రేకు బిగించమన్నాను. దాన్ని బిగించాలంటే పక్క సీటు ముందు కార్పెట్టు కోసి, నేల రేకుకి కన్నాలు పొడవాలి. వాడు డ్రిల్లు మిషను పట్టుకుని నా వంక చూశాడు.

"బావా, లోను పని అయిపోయిందా?"

"అయిపోయినట్టే."

"అయిపోయిందా, అయిపోయినట్టా?"

"నువ్వు కన్నం పెట్టరా."

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మా అమ్మ ఎవరి గురించో అంటుండేది. ఎవరి గురించో ఇప్పుడు తెలిసింది. రేకు చిల్లు పడుతున్న చప్పుడు నాకు ఆ పూట మంగళవాద్యంలా వినిపించింది. ఆ మధ్యాహ్నమే పక్క సీట్లో కూర్చుని, నలుగురు విద్యార్థులకీ తలా ఒక పాఠం చెప్పాను. యజమానిగా మొదటి రోజు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను కూడా.

వారం తిరక్కుండా మోకాలు ఫోన్ చేశాడు.

"మాస్టారూ, చిన్న ఇబ్బంది."

నా విద్యార్థులు ఆ రెండు మాటలూ పక్కవాళ్ల గేటు స్తంభం కూల్చాకే వాడతారు. సంగతేమిటంటే, బ్యాంకు కాదంది. యజమాని అన్నారు, స్కూలు ఏదని అడిగింది. స్కూలంటే ఆ కారే. పెళ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కుదరదు అన్నట్టు తయారైంది వ్యవహారం. ఇంకో ఫైనాన్సు కంపెనీ ఇస్తానంటోందట, వడ్డీ దాదాపు రెట్టింపు. మళ్లీ వచ్చి కొత్తగా సంతకాలు పెట్టాలి. ఇష్టం లేకపోతే కారు తిరిగి ఇచ్చేయాలి.

"ఇచ్చేస్తే నా పాత కారు నాకు ఇస్తారుగా?" అన్నాను.

"అది అమ్ముడైపోయింది మాస్టారూ" అన్నాడు. గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి, కింద నేను స్వయంగా పొడిపించిన కన్నాలు. ఆ వడ్డీ కడుతూ పోతే పాఠాలన్నీ వాళ్లకోసమే చెప్పాలి. కారు ఇచ్చేస్తే పాఠాలే ఉండవు. మా ఆవిడకి చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. సగం మడతపెట్టిన దుప్పటిని పూర్తిగా మడిచి పక్కన పెట్టింది.

"కన్నాల సంగతి వాళ్లకి తెలుసా?"

"ఇంకా చెప్పలేదు."

"రేపు నేను సెలవు పెడతాను. ఈసారి పెన్ను నా దగ్గరుంటుంది" అని నా చొక్కా జేబులోంచి పెన్ను తీసి తన సంచిలో వేసుకుంది. పెళ్లీడు దాటి ఎన్నో ఏళ్లయిన మనిషిని, జేబులోంచి పెన్ను లాక్కుంటే ఖాళీ జేబు సర్దుకున్నాను.

మళ్లీ అదే చల్లగది. ఈసారి నా పక్కన మా ఆవిడ, మేనేజరు పక్కన మోకాలు. మేనేజరు అంతే నెమ్మదిగా మాట్లాడాడు. కొత్త కాగితాలు బల్ల మీద ముందే పరిచి ఉన్నాయి. మా ఆవిడ వాటిని ముట్టుకోలేదు.

"మా పాత కారు ఇచ్చేయండి. ఇది తీసుకోండి" అంది.

"అదే కదమ్మా ఇబ్బంది. అది మొన్ననే అమ్ముడైంది. కొన్నాయన నా కళ్లముందే నడుపుకుంటూ వెళ్లిపోయాడు."

నేను తలొంచుకుని కూర్చున్నాను కాబట్టి అద్దపు బల్ల కింద కాళ్లు కనిపిస్తున్నాయి. మోకాలి ఎడమ మోకాలు ఊగుతోంది. ఎలా ఊగుతోందంటే, క్లచ్చు వదిలీ వదలకుండానే బండి ఆగిపోయే రోజుల్లో ఊగినట్టే. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, ఇతను కాలు ఊపుతున్నాడు.

"నడుపుకుంటూ వెళ్లాడా?" అన్నాను మెల్లగా.

"అవును సార్."

"స్టార్టు ఎలా చేశాడు?"

మేనేజరు నన్ను జాలిగా చూశాడు. "తాళం తిప్పి సార్."

నాకు నవ్వొచ్చింది. ఆ వారంలో అదే మొదటి నవ్వు. లేచి నిలబడి, ఎవరినీ అడక్కుండా వెనక తలుపు తీసుకుని వర్క్‌షాపు దాటి పెరట్లోకి నడిచాను. వెనకే మా ఆవిడ, ఆవిడ వెనక మేనేజరు, చివర మోకాలు.

పెద్దావిడ అక్కడే ఉంది. నేను ఎక్కడ నిలిపానో అక్కడే, అంగుళం కదల్లేదు. పైకప్పు మీద ఎవరో తడి తుడుపుగుడ్డలు ఆరేశారు. బానెట్టు మీద ఖాళీ అట్టపెట్టెలు పేర్చారు. తాళం దానికే వేలాడుతోంది. ఎంతమంది తిప్పి చూశారో పాపం. లోపల కూర్చున్నాను. హ్యాండ్‌బ్రేకు సగం దించాను. తాళం సగం తిప్పాను. పిల్లి మూలిగింది, ఆగింది. డాష్‌బోర్డు మీద ఒక్కటిచ్చాను. పెద్దావిడ దగ్గి, గొంతు సవరించుకుని, అట్టపెట్టెలన్నీ కింద పడేట్టు ఒణుకుతూ లేచింది. నాకు కళ్లు చెమర్చాయి. పొగవల్ల అన్నాను ఎవరూ అడక్కపోయినా.

మేనేజరు గొంతులో నెమ్మది కాస్త తగ్గింది. "పొరపాటు జరిగినట్టుంది. సరే, ఇది మీరు తీసుకెళ్లండి, అది మాకిచ్చేయండి" అని, కొత్త కారు తలుపు తీసి లోపలికి తొంగిచూశాడు. కోసిన కార్పెట్టు, నేలలోంచి పైకి లేచిన నా అరిగిన బ్రేకు. "ఇదేంటి? కన్నాలు పెట్టారా? దీనికి మీరే కట్టుకోవాలి."

నా పని మళ్లీ కుడితిలో పడ్డ ఎలుకలా అయింది. సారీ చెప్పబోయాను. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇంకా మీ బండే అయితే తాళాలు చేతికిచ్చి పంపడమెందుకు? సొంతమనుకునే మా ఆయన కన్నం పెట్టాడు. సరే, దీన్ని తీసుకుని ఎవరికి అమ్ముతారు మీరు?" అంది. "పక్క సీట్లో కన్నాలున్న కొత్త కారుని కొనేవాడు ఈ ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. ఇదిగో, ఈయనే."

నన్ను అలా వేలెత్తి చూపించినప్పుడు నా పరువు ఎటు పోతుందో నాకు అర్థం కాలేదు. మేనేజరుకి మాత్రం అర్థమైంది.

"మీ వడ్డీ మాకొద్దు" అంది ఆవిడ. "మా ఆస్పత్రి ఉద్యోగుల పొదుపు సంఘంలో నా పేరు మీద లోను తీసుకుంటాను. కన్నాలున్న బండికి కన్నాలున్న ధర చెప్పండి. ఇక పాత కారంటారా, అది అమ్ముడైందని మీరే అన్నారు. మీ కళ్లముందే వెళ్లిందన్నారు. ఆ మాట మీదే ఉండండి. మీరు రాసిన ధరకి అది మీదే."

అడిగొస్తానని మేనేజరు మేడ మీదికి వెళ్లాడు. కొత్త కారుని పోయిన నెల లెక్కలో అమ్మినట్టు చూపించేశారట, దాన్ని వెనక్కి తీసుకుంటే పైవాళ్లకి జవాబు చెప్పాలట. ఇది మోకాలు నేల చూపులు చూస్తూ చెప్పాడు. "నన్ను తిట్టండి మాస్టారూ" అన్నాడు. తిట్టాలనే ఉంది. కానీ అడుసు తొక్కింది నేను, కాలు కడగమని ఇంకొకరిని తిట్టడమేమిటి? పైగా యజమాని అన్న మాట నాకు ఇంకా తియ్యగానే ఉంది. మనిషికి సిగ్గుండాలి.

మేనేజరు కిందికొచ్చి ఒప్పుకున్నాడు. మా ఆవిడ అడిగినంత తగ్గించలేదు. తగ్గించిన దాంట్లో కొంత, మేము అడగని సీటు కవర్ల పేరు చెప్పి మళ్లీ కలిపాడు. సంఘం లోను వచ్చేదాకా బండి వాళ్ల దగ్గరే ఉండాలని మా ఆవిడే అంది. తాళాలు నేనే తీసి బల్ల మీద పెట్టాను. ఆ పూట బస్సులో ఇంటికెళ్లాం.

బయల్దేరే ముందు పెద్దావిడని స్టార్టు చేయడం మోకాలికి నేర్పాల్సి వచ్చింది. ఎంత గట్టిగా కొట్టాలో చెప్పడానికి అతని చెయ్యి పట్టుకుని నేనే కొట్టించాను. మొదటి రెండుసార్లూ మోకాలు ఊగింది, బండి ఆగిపోయింది. మూడోసారి బాగానే చేశాడు. నా విద్యార్థే కదా, గర్వంగానే అనిపించింది.

పొదుపు సంఘంలో మా ఆవిడ ప్రతి కాగితం చదివింది. గుమాస్తా ఆవలించాడు, టీ తాగొచ్చాడు, మళ్లీ ఆవలించాడు. ఒకచోట మా ఇంటి నంబరు తప్పు పడిందని దిద్దించింది. పక్కన కూర్చున్న నా కుడికాలు ఆ గంటన్నరా నేలను నొక్కుతూనే ఉంది, నొక్కాల్సిన పని లేకపోయినా. చివరికి లోను ఆవిడ పేరున పాసైంది. పాసైనట్టు కాదు, పాసైంది. బండి కూడా ఆవిడ పేరునే వచ్చింది.

"నా పేరు మీద బండి ఉండి నాకు నడపడం రాకపోతే ఏం బాగుంటుంది? రేపట్నుంచి నేర్పండి" అంది.

అలా నా సొంత స్కూలుకి ఆవిడ అయిదో విద్యార్థిని. ఫీజు అడిగే ధైర్యం నాకు లేదు. బండి ఓనరు ఆవిడ, స్టీరింగు ఆవిడ చేతిలో. నేను కొన్నాననుకున్న కారులో నా చోటు మళ్లీ ఆ పక్క సీటే.

మొదటివారం మైదానంలో తిప్పి, తర్వాత ఆస్పత్రి వెనక వాలు రోడ్డులోకి తీసుకెళ్లాను. ఎదురుగా రొట్టెల వ్యాను వస్తోంది. ఆవిడ అద్దాలు చూసింది, వేగం తగ్గించింది, అంతా నేను చెప్పినట్టే చేసింది. అయినా నా కాలు ఆగలేదు. బ్రేకు పడి బండి ఎగిరి ఆగింది. వ్యాను మమ్మల్ని ఒక చూపు చూసి వెళ్లిపోయింది.

"నేను సరిగ్గానే వెళ్తున్నానా?" అంది.

"సరిగ్గానే."

"మరి?"

నేను నా కాలి వంక చూశాను. ఆవిడ మళ్లీ స్టార్టు చేసింది. తాళం తిప్పితే చాలు, ఎవరినీ కొట్టక్కర్లేదు. వాలు చివర మలుపు దగ్గరపడింది. నా కాలు మళ్లీ లేచింది. ఆవిడ తల తిప్పలేదు, చూపు రోడ్డు మీదే ఉంది.

"నొక్కాల్సింది ఆ చల్లగదిలో. అక్కడ నొక్కలేదు. ఇప్పుడు నేను చూసుకునే నడుపుతున్నాను. కాలు తీయండి."

తీశాను. అది మళ్లీ లేవకుండా దాని మీద ఎడమకాలు వేసి అదిమిపట్టుకుని కూర్చున్నాను. ఆవిడ మలుపు తిప్పింది.